మనుషుల్లేని ఫోటోలు

మా బాబాయి మీద నాకు కోపం ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. కోపం ఉంది కదా అని ఆయన మీద లేనిపోనివి కల్పించను. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ బాధే లేదు, ఒక దండం పెట్టి ఊరుకునేదాన్ని.

ఆయన లారీల కాటాలో పనిచేశాడు. ఊరి చివర రోడ్డు పక్కన నేలకి సమానంగా పరిచిన పెద్ద ఇనప పలక, పక్కన ఒక గది, ఆ గదికి ఒక కిటికీ. లారీ వచ్చి పలక మీద నిలబడితే మీటరులో అంకెలు కాసేపు తడబడి ఒకచోట ఆగుతాయి. బాబాయి చీటీ కొట్టి కిటికీలోంచి అందిస్తాడు. బండిలో మనిషి ఉంటే ఆ మనిషి బరువు కూడా తూకంలో కలుస్తుంది కాబట్టి, ప్రతి బండికీ ముందు తల బయటపెట్టి, "దిగండి, పక్కకి జరగండి" అని కేకెయ్యాలి. తూకం ఎక్కువ చూపడానికి కొందరు డ్రైవర్లు క్లీనర్ని సీటు కింద పడుకోబెట్టి తెచ్చేవాళ్ళు. బాబాయి వెళ్ళి సీటు కింద కర్రతో పొడిచి మరీ దింపేవాడు. జీవితం మొత్తంలో ఆయన ఎక్కువసార్లు అన్న మాట అదే అయివుంటుంది.

ఆ కాటా మీదకి రాని బండంటూ లేదు. పాల ట్యాంకర్లు, ఇసుక ట్రాక్టర్లు, తారు డబ్బాల లారీలు, ఒకసారి సర్కస్ కంపెనీ వాళ్ళ పులిబోను బండి కూడా వచ్చింది. రోజంతా చూసి చూసి ఆయనకి పిచ్చి పట్టింది. పాత కెమెరా ఒకటి సంపాదించి ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. కాటా మీదకి వచ్చినవి అయ్యాక, రానివాటి కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ఫైరింజన్లు, రోడ్డు రోలర్లు, చెత్త బండ్లు, శవాల బండ్లు, ఐస్ బండ్లు, చివరికి ఆస్పత్రి వరండాలో మూల పడేసిన చక్రాల కుర్చీ కూడా వదల్లేదు. అదేమిటి బాబాయ్ అంటే, చక్రాలున్నాయి కదే అన్నాడు. మా పిన్ని మెత్తటి మనిషే గాని నోరు మాత్రం పదును. తనకీ నాలుగు చక్రాలుండి ఉంటే ఆయన రోజుకొకసారైనా తిరిగి చూసేవాడని అందరి ముందూ అనేది. బాబాయి కూడా నవ్వేవాడు.

ఫోటో తీయడానికి ఆయనకో పద్ధతి ఉంది. బండి నీడలో ఉండకూడదు. ముందు చక్రాలు తిన్నగా ఉండాలి. తలుపులన్నీ వేసి ఉండాలి. నంబరు ప్లేటు మీద బురద ఉంటే తన జేబురుమాలుతో తనే తుడిచేవాడు, ఆ రుమాళ్ళు ఉతకలేక పిన్ని ఏడ్చేది. అన్నిటికన్నా ముఖ్యం, బండి లోపల గాని పక్కన గాని మనిషి ఉండకూడదు. మనిషి ఉంటే చూపంతా మనిషి మీదకే పోతుందని, ఇక బండిని చూసేదెవరని ఆయన వాదన. కాటాలో నేర్చుకున్న బుద్ధే ఇక్కడా పనిచేసింది. ఇంకో నియమం కూడా ఉంది. తన దగ్గర ఉన్న మోడల్ మళ్ళీ తీయడు. ఒక్కో రకానికి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. అంతే, ఇక ఆ రకం జోలికి పోడు. గదిలో గోడ పొడవునా బీరువాల్లో ఆల్బములు. ఏ సంవత్సరం తయారీయో, ఎక్కడ తీశాడో, అన్నీ అందులోనే రాసి ఉంటాయి. ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారు గాని, నిజం చెప్పాలంటే ఆ ఫోటోలు చాలా బాగుంటాయి. బండికి కూడా మొహం ఉంటుందని నాకు తెలిసింది వాటిని చూశాకే.

ఈ తిరుగుడంతటికీ ఆయనకి తోడు మా నాన్న. నాన్న ఆయనకి అన్నయ్య. బతుకంతా ఇతరుల బండ్లు తోలి తోలి, చివరికి ఒక సెకండ్ హ్యాండ్ వ్యాను కొనుక్కున్నాడు. అది కొన్న రోజే ఈ కథ మొదలైంది.

అప్పటికి నేను చిన్నదాన్ని, కాని ఆ రోజు బాగా గుర్తుంది. మీగడ రంగు వ్యాను, పక్కలకి నీలం గీత. ఆ గీత నాన్నే స్వయంగా వేశాడు, ఒకచోట కొంచెం వంకర పోయింది. పొద్దున్నే దాన్ని కడిగి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అమ్మనీ నన్నూ ఎక్కించుకుని నేరుగా కాటాకి తీసుకెళ్ళాడు. ఇంకెక్కడికీ వెళ్ళలేదు. ముందు తమ్ముడు చూడాలి, తమ్ముడు ఫోటో తీయాలి, తరవాతే బేరాలు. దారంతా అదే చెప్పాడు. కాటా ముందు ఆపి, పక్కద్దంలో చూసుకుని తల దువ్వుకున్నాడు. తరవాత డ్రైవరు తలుపు దగ్గర, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను నాన్నని అంత నిటారుగా అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు.

బాబాయి బయటికి వచ్చాడు. వ్యాను చుట్టూ తిరిగాడు. వంగి కిందకి చూశాడు. అన్నయ్య మొహం వైపు మాత్రం చూడలేదని అమ్మ తరవాత చాలాసార్లు చెప్పింది.

"ఈ మోడల్ నా దగ్గర ఉంది అన్నయ్యా" అన్నాడు. "పోయిన నెలే తీశాను. అది దీనికన్నా కొత్తది. దీనికి ముందు బంపరు కూడా అసలుది కాదు, మార్చారు."

నాన్న తలుపు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"సర్లేరా. ఫిల్ము ఎందుకు దండగ" అన్నాడు.

బాబాయికి అందులో తప్పేమీ కనపడలేదు. అప్పుడే ఒక కొత్త రకం ట్యాంకరు వచ్చి పలక ఎక్కింది, అటు పరుగెత్తాడు. తిరిగొచ్చేటప్పుడు నాన్న రోడ్డు మీదే చూపు పెట్టి తోలాడు. అమ్మ మాత్రం ఇల్లు చేరేదాకా ఊరుకోలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా అంది. నాన్న చొక్కా విప్పి మేకుకి తగిలించి, వాడి పద్ధతి వాడిది, నువ్వు మనసులో పెట్టుకోకు అన్నాడు. ఆయన పెట్టుకున్నాడో లేదో నాకిప్పటికీ తెలియదు. మళ్ళీ అడగలేదన్నది మాత్రం నిజం.

అడగకపోగా, సెలవు దొరికితే చాలు బాబాయిని ఎక్కించుకుని తిప్పింది ఆయనే, ఆ వ్యాన్లోనే. ఫలానా చోట పెద్ద ట్రైలరు ఆగిందట అని డ్రైవర్ల నోట వింటే చాలు, బేరం ఉన్నా మానుకుని బయల్దేరేవాడు. గాలిమర రెక్కని మోసుకెళ్ళే ట్రైలరు ఒకటి మలుపు తిరగలేక ఇరుక్కుంటే, ఇద్దరూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడ్డారు. నేనూ ఉన్నాను. జనం గుమిగూడితే నాన్న చేతులు బార్లా చాపి, ట్రాఫిక్ కానిస్టేబుల్లా వాళ్ళని వెనక్కి నెట్టాడు. ఆ పక్క ఒక ముసలాయన, ఈ పక్క ఐదారుగురు పిల్లలు, మధ్యలో మా నాన్న. బాబాయి వ్యాను పైకెక్కి కెమెరా సర్దుకుని, "అన్నయ్యా, నువ్వు కూడా పక్కకి జరుగు" అన్నాడు. నాన్న జరిగాడు.

ఆ వ్యాను మా ఇంటిని చాలా ఏళ్ళు మోసింది. తరవాత ఇంజను మూలపడి, రిపేరు ఖర్చు భరించలేక నాన్న దాన్ని అమ్మేశాడు. అప్పటికింకా ఫోన్లలో కెమెరాలు లేవు. అవి వచ్చేసరికి ఆయన మంచాన పడ్డాడు. మా ఫోన్లలో ఉన్నదంతా ఆ జబ్బు మనిషే, దుప్పటి కప్పుకుని, బుగ్గలు పీక్కుపోయి. తన పెళ్ళి ఫోటోలో సరిగ్గా నొక్కే క్షణానికి కళ్ళు మూసుకున్నాడు. లైసెన్సు మీద ఉన్నది చూస్తే పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉంటాడు.

నాన్న పోయాక కొన్నాళ్ళకి అమ్మ బాబాయిని పిలిపించింది. గోడకి పెట్టుకోవడానికి ఒక ఫోటో కావాలంది. వ్యాను పక్కన నిలబడ్డది ఏదైనా. అన్నేళ్ళు కలిసి తిరిగారు కదా, ఏదో ఒకదాంట్లో పడకుండా ఉంటాడా, వెతికి పెట్టమంది. ఆవిడ అడిగింది అదొక్కటే.

బాబాయి కాటాకి సెలవు పెట్టేశాడు. గది తలుపు వేసుకుని, ఆల్బములన్నీ నేల మీద పరిచి, భూతద్దంతో ఒక్కొక్కటీ చూశాడు. పిన్ని భోజనానికి పిలిస్తే పలికేవాడు కాదట. వ్యాను ముక్కలు ముక్కలుగా దొరికింది. ఒకదాంట్లో పక్కద్దం అంచు. ఒకదాంట్లో టైరు. వ్యాను పైనుంచి తీసినవాటిలో రోడ్డు మీద దాని నీడ. మనిషి దొరకలేదు. దొరకడు. ఉండకూడదని ఆయనే కదా జరిపింది, అదీ ఎంతో శ్రద్ధగా. చివరికి ఒకే ఒక్క ఫోటో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో పెద్ద ఎర్ర ఫైరింజను, కుడివైపు అంచున ఒక మోచెయ్యి.

"ఇది అన్నయ్యదే వదినా" అన్నాడు. "ఆ చొక్కా నాకు గుర్తుంది."

అమ్మ ఆ మోచేతిని చాలాసేపు చూసింది. అక్కరలేదనీ అనలేదు, ఇమ్మనీ అనలేదు. బాబాయి దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నాకు ఆయన్ని కడిగిపారేయాలనిపించింది, కాని ఆయన మొహం చూశాక నోరు రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న మనిషి అలాగే ఉంటాడు.

మనిషి ఎలాగూ లేడు, బండైనా తెస్తానని ఆయన పంతం పట్టాడు. నంబరు ఆయనకి నోటికి వచ్చు. కాటాకి వచ్చే ప్రతి డ్రైవరునీ అడిగాడు. ఒకరు ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి చెప్పుకుంటూ పోయి చివరికి ఆచూకీ దొరికింది. ఎక్కడో దూరంగా, మొక్కల తోట నడిపే ఒకాయన దగ్గర ఇంకా నడుస్తోందట. ఫోన్ చేసి చెప్పి, బస్సులో వెళ్ళాం, బాబాయీ నేనూ.

వ్యానుకి ఆకుపచ్చ రంగు వేశారు. వెనక తలుపుకి ఇనప తీగ చుట్టారు. లోపల మట్టి కుండీలు, తడి గోనెసంచులు. పక్క నుంచి చూస్తే ఆకుపచ్చ కింద నీలం గీత లీలగా తెలుస్తోంది, వంకర పోయిన చోటుతో సహా. నేను దాని మీద చెయ్యి పెట్టి ఏడ్చేశాను. బాబాయి ఏడవలేదు, కెమెరా తీసి వెలుగు చూసుకుంటున్నాడు. ఆయన ఎప్పటికీ మారడనుకున్నాను.

ఫోటో తీయడానికి వస్తున్నామని చెప్పాం కదా, తోట ఆయన దాన్ని శుభ్రంగా కడిగి ఉంచాడు. తనూ స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మమ్మల్ని అడగలేదు, ఏమీ లేదు, తిన్నగా వెళ్ళి డ్రైవరు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

బాబాయి అలవాటుగా చెయ్యెత్తాడు. "కొంచెం పక్కకి" అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. చెయ్యి అలాగే గాల్లో ఉంది. తోట ఆయనకి అర్థం కాక, ఎటు జరగమంటారండీ అని అడిగాడు.

"జరగొద్దు. అక్కడే ఉండండి. తల కొంచెం ఎత్తండి" అన్నాడు బాబాయి.

ఆ ఫోటో తీయడానికి ఆయన చాలాసేపు తీసుకున్నాడు. తోట ఆయన చొక్కా కాలరు సరిచేశాడు. ఎండ కళ్ళలో పడుతోందని వ్యానుని కొద్దిగా తిప్పించాడు. ఆయన్ని మాటల్లో పెట్టి, ఎప్పుడు కొన్నారు, ఎలా నడుస్తోంది అని అడిగి, ఆయన మొహం విప్పారిన క్షణంలో నొక్కాడు. ఆ తరవాతే బండిని ఒంటరిగా తీశాడు.

బండి ఒక్కటే ఉన్నదాన్ని పెద్దది చేయించి అమ్మకి తెచ్చి ఇచ్చాడు. తోట ఆయనకి పంపాల్సిన ఫోటో కూడా అదే కవర్లో ఉండిపోయింది. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిదాన్ని చూసింది. రంగు మార్చేశారా అంది. తరవాత రెండోది బయటికి తీసింది. బాబాయి గాభరాగా అది మనది కాదు వదినా, పొరపాటున వచ్చిందని చెయ్యి చాపాడు. అమ్మ ఇవ్వలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఎవరితను?"

"ఇప్పటి ఓనరు."

మా ఇంటికి ఏమీ కాని మనిషి ఆ ఫోటోలో ఉన్నాడు. కష్టపడి సంపాదించుకున్న వస్తువు పక్కన నిలబడి, లోకమంతా తననే చూస్తున్నట్టు మురిసిపోతున్నాడు. ఆ చూపు, ఆ నిలబడడం, ఆ ఇస్త్రీ చొక్కా, అన్నీ అందులో ఉన్నాయి. నిజంగానే గొప్ప ఫోటో.

అమ్మ దాన్ని మెల్లగా కవర్లో పెట్టి బాబాయి చేతికిచ్చింది.

"ఎంత బాగా తీశావయ్యా" అంది. "మనుషుల్ని తీయడం నీకు చేతకాదు కాబోలు అనుకుని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాను."

ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాబాయి తట్టుకునేవాడు.