అమెరికా వెళ్లినాయన ఇంటి ముందు ముగ్గు

ఐర్లండ్‌లో మాంద్యం అనగానే మా పిల్లలకు రెండువేల ఎనిమిది తరువాతి సంగతులు గుర్తొస్తాయి. సగం కట్టి వదిలేసిన ఇళ్లు, తాళాలు పడ్డ దుకాణాలు. నాకు గుర్తున్నది అంతకు ముందుది, ఎనభై నాలుగు నాటిది. ఆ రోజుల్లో అత్లోన్‌కు అవతల మేమున్న చిన్న ఊళ్లో ఆదివారం చర్చికి పడుచువాళ్లు రావడం మానేశారు. భక్తి తగ్గి కాదు, పడుచువాళ్లే లేక. అందరూ లండన్‌కో బోస్టన్‌కో పోయారు. ఊళ్లో మిగిలింది స్కూలు పిల్లలు, పెద్దవాళ్లు, మధ్యలో మా ఆయన, నేను. ఆయన అక్కడి ఆస్పత్రిలో జూనియర్ డాక్టరు, ఆరు నెలలకొకసారి కొత్త కాంట్రాక్టు. నాకు ఇరవై ఆరేళ్లు, చేతిలో లెక్కల ఎమ్మెస్సీ పట్టా, ఉద్యోగం సున్నా. ఎక్కడ అడిగినా అక్కడివాళ్ల ఊతపదంతో "గ్రాండ్, కబురు చేస్తాం" అనేవారు. (ఏడాదిన్నరలో ఒక్క కబురూ రాలేదు. నేను ఇలాంటివి మరిచిపోయే రకం కాదు.)

పనిచేసే చేతులు లేని ఆ ఊరికి ఉన్నట్టుండి ఒక మహానుభావుడు గుర్తొచ్చాడు. రెండు వందల ఏళ్ల కిందట ఆ ఊరివాడొకడు కొత్త పెళ్లాంతో ఓడెక్కి అమెరికా వెళ్లి, కెంటకీ అడవుల్లో చెట్లు నరికి, దుంగలతో ఇల్లు కట్టి, ఎలుగుబంట్లను చంపి, పదకొండు మంది పిల్లల్ని కన్నాడట. ఆయన సంతతిలో ఆరేడు తరాల కిందివాడు, డబ్బున్న మునిమనవడొకడు జూన్‌లో చుట్టాలతో సహా పూర్వీకుల గడ్డ చూడటానికి వస్తున్నాడు. దాంతో కూలిపోయిన ఒక గుడిసెకు కొత్త గడ్డి కప్పి, సున్నం కొట్టి, అదే ఆయన పుట్టిల్లని తీర్మానించారు. తీర్మానించింది ఊరి కమిటీ, అంటే కొట్టాయన. ఆయన కొట్లో ముందు గదిలో మేకులు, మధ్య గదిలో బీరు, వెనక గదిలో శవపేటికలు అమ్మేవాడు. ఏ దశలో ఉన్న మనిషికైనా ఆయన దగ్గర సరుకుండేది. అమెరికా వెళ్లినాయన చరిత్రను ఆయన రోజుకొకరికి అప్పజెప్పేవాడు. పదకొండు మంది పిల్లల్లో ముగ్గురికి జాన్ అనే పేరు (మొదటి ఇద్దరూ పోతే అదే పేరు మూడోవాడికి పెట్టారు). ఎలుగుబంటి బరువు కూడా కొట్టాయనకు తెలుసు. ఆ పెళ్లాం పేరేమిటని అడిగితే మాత్రం కాగితాలు తిరగేసి, "భార్య" అన్నాడు. నేను మనసులో లెక్క వేశాను. పదకొండు కాన్పులంటే ఎనిమిదేళ్ల మూడు నెలలు ఆవిడ కడుపుతోనే ఉంది. ఎలుగుబంటికి దక్కిన మర్యాదలో పావు వంతు కూడా ఆవిడకు దక్కలేదు. ఆ అడవుల్లో అంతకు ముందు ఎవరుండేవారని కూడా అడిగాను. అది కార్యక్రమంలో లేదన్నాడు.

గుడిసెలో పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె కాల్చడానికి ఆ భార్య వేషం ఒకటి కావలసి వచ్చింది. ఊరు వదిలిపోయినవాడికి చేసే ఉత్సవంలో వేషం కట్టడానికి ఊళ్లో ఒక్క పడుచుపిల్ల కూడా మిగల్లేదు. కొట్టాయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "చూడండి మిసెస్, మీరు వయసులో ఉన్నారు, ఊళ్లో ఉన్నారు, పైగా ఖాళీగా ఉన్నారు. శాలువా నెత్తి మీదుగా కప్పుకుంటే ముఖం ఎవరు చూడొచ్చారు? అమెరికా వాళ్లకు నచ్చిందంటే ఏడాది పొడుగునా ఉద్యోగం మీదే." ఆయన అటు వెళ్లగానే మా ఆయన నవ్వాపుకోలేక, "మా వంశానికి కోడలివైతే సరిపోలేదా నీకు?" అన్నారు. నేను నవ్వలేదు. ఉద్యోగం అనే మాట నా చెవిన పడ్డాక ఇంకేమీ వినిపించలేదు.

ఆరు వారాలు తయారయ్యాను. తడి పీటు, అంటే బురదనేలలో కోసి ఎండబెట్టే మట్టిగడ్డలు, పొయ్యిలో పెట్టి నిప్పు రాజేయడం ఆ ఊళ్లో ఎవరికీ చేతకాలేదు, అందరిళ్లలో కరెంటు పొయ్యిలు. తెనాలిలో మా నాయనమ్మ ఊదుగొట్టంతో పొయ్యి ఊదడం గుర్తు చేసుకుని, మా ఆయన ఆస్పత్రి నుంచి తెచ్చిన గొట్టం ముక్కతో ఊది వెలిగించాను. కొట్టాయన అది చూసి, "మా పూర్వీకులు అచ్చం ఇలాగే చేసేవారు" అని అందరికీ చెప్పాడు. (ఆ గొట్టం రబ్బరుది.)

వాళ్లొచ్చే రోజు పొద్దున్నే వెళ్లి వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాను. చుట్టాలొచ్చే ఇంటి ముందు బోసిగా ఉంటే నాకు చేతులాడవు. గోడకు కొట్టగా మిగిలిన సున్నం సంచి కనిపించింది. ఏడు చుక్కలు పెట్టి, మధ్య చుక్కలు నాలుగు వరకు, పద్మం ముగ్గు వేశాను. అప్పుడే వచ్చిన కొట్టాయన దాన్ని చూసి నిలువునా నీరైపోయాడు. ఏమిటిది, తుడిచేయమని గొణుగుతుండగానే బస్సు వచ్చి ఆగింది.

మునిమనవడు దిగీ దిగగానే ముగ్గు చూశాడు. ఇదేమిటన్నాడు. మేకుల దగ్గర్నుంచి శవపేటికల దాకా అమ్మినవాడు ఒక ముగ్గు అమ్మలేడా?

"అది ఇంటి కోడలి గుర్తు సార్. మగవాడు దూరదేశం పోయేనాడు వేసేది. ఇంటి అదృష్టం ఆయన వెంట పోకుండా."

మునిమనవడికి కళ్లనీళ్లు తిరిగాయి. అక్కడే నిలబడి కొట్టాయన చెయ్యి పట్టుకున్నాడు, పేపరువాడు ఫోటో తీశాడు. ఏటా బంధువులందర్నీ తీసుకొస్తానని, గుడిసె ఖర్చు తనదేనని మాటిచ్చాడు. తరువాత లోపలికొచ్చి శాలువా కింద నా ముఖం చూసి ఒక్క క్షణం ఆగాడు. మీది ఏ ఊరన్నాడు. డబ్లిన్ రోడ్డన్నాను. (అబద్ధం కాదు, మా అద్దె ఇల్లు అక్కడే.) ఆయన పక్కనున్న భార్య వైపు తిరిగి, పూర్వం స్పెయిన్ ఓడలు మునిగినప్పుడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుల రక్తం ఇదేనని పెద్ద తెలిసినవాడిలా వివరించాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, రొట్టె చాలా బాగుందంది.

ఉద్యోగం వచ్చిందనే అనుకున్నాను. మా అమ్మకు ఉత్తరం కూడా రాశాను. మరుసటి వారం కొట్టాయన టోపీ చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. లండన్ నుంచి ఆయన మేనకోడలు తిరిగొచ్చిందట.

"మీకు నేను చెప్పాలా మిసెస్? చూసేవాళ్లకు అసలైనది కావాలి కదా."

"సరే. అసలైన ఆవిడకు ముగ్గు వచ్చా?"

రాదన్నాడు. కాస్త నేర్పి పెట్టమన్నాడు. జీతమెంతో చెప్పమన్నాను. ఆయన టోపీ పెట్టుకున్నాడు. డిసెంబరులో మా ఆయన కాంట్రాక్టు అయిపోయి మేం కార్క్ వైపు వెళ్లిపోయాం. అక్కడ ఒక బడిలో ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను.

నిరుడు వేసవిలో కార్క్ పక్కనున్న బాలింకాలిగ్ నుంచి మనవరాలు తన కారులో నన్ను అటు తీసుకెళ్లింది. గుడిసె ఇంకా ఉంది. పక్కన కాఫీ కొట్టు, పెద్దవాళ్లకు టిక్కెట్టులో తగ్గింపు. వాకిట్లో రాతిపలకల మీద తెల్లరంగుతో నా ముగ్గు. ఏడు చుక్కలు, మధ్య చుక్కలు నాలుగు వరకు, అంతా సరిగ్గానే ఉంది, కుడివైపు ఒక రేకు తప్ప. ఆ రేకు ఉండవలసిన చోట ఖాళీ. గైడు పిల్ల గొంతు తగ్గించి చెప్పింది, ఆ ఖాళీ ఊరు వదిలిపోయినవాడి కోసం ఇంటి కోడలు వదిలిపెట్టిన చోటని, ఇది శతాబ్దాల నాటి ఆచారమని. చుట్టూ ఉన్నవాళ్లు నిట్టూర్చారు. ఒకామె కళ్లు తుడుచుకుంది.

నాకు విషయం అర్థమైంది. వాళ్లు పేపర్లో ఫోటో చూసి గీశారు. ఆ ఫోటో నా దగ్గరా ఉంది. ఆ రేకు మీద మునిమనవడి బూటు ఉంది.

మనవరాలికి చెవిలో చెప్పాను. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం కార్క్ యాసలో ఇంగ్లీషులోనే. వెళ్లి చెప్పేయనా అమ్మమ్మా అంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే సరిగ్గా తెలియదు. ఏడాదిన్నర కబురు కోసం చూసి, శాలువా కప్పుకుని, పరాయి వాకిలిని తన వాకిలే అనుకుని పొద్దున్నే ఊడ్చిన ఆ ఇరవై ఆరేళ్ల పిల్ల మీద కాస్త జాలి, కాస్త నవ్వు వచ్చాయి. ఇంతలో గైడు పిల్ల నా దగ్గరికొచ్చి, మర్యాదగానే, కొంచెం వెనక్కి జరగమంది. "అది అసలైనదండీ, తొక్కకూడదు."

కిందికి చూసుకున్నాను. నా బూటు సరిగ్గా ఆ ఖాళీలోనే ఉంది.