కొళాయి దగ్గరి పిలుపు

మా ఆయన తిప్పేష్ ధర్మవరం మగ్గాల షెడ్లలో చీరల డిజైన్లు గీసే కంప్యూటర్లు చూసేవాడు. ఒక షెడ్డులో ఉన్న రకం ఇంకో షెడ్డులో ఉండదు. కంప్యూటర్‌తో పని చేయించే స్క్రిప్టులను దేంట్లో పెట్టినా నడిచేట్టు రాసేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న శశికుమార్‌ను అట్లా రాయలేదనే తిట్టేవాడు.

"నీ షెల్లుకు ఒక్కదానికే తెలిసే సోకులు రాయొద్దురా. కదిరోడికీ, ఉరవకొండోడికీ అర్థమయ్యే మాట రాయి."

షెల్లంటే ఆ రాసింది చదివి పని చేసేదని, నాకు అంతవరకే తెలుసు.

మా వీధికి నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. అందుకని ఆయన కొళాయి మూతికి తీగ బిగించి ఇంట్లో పాత కంప్యూటర్‌కు కలిపాడు. తడి తగిలితే రికార్డు చేసి పెట్టిన ఆయన గొంతు పలుకుతుంది.

"జ్యోతీ, నీళ్లొచ్చినాయి. బిందెలు తీస్కరా."

ఆయన పోయాక కూడా ఆ గొంతు పిలుస్తూనే ఉంది. "వస్తాండా" అని వెళ్లేదాన్ని.

"పోయినోడు పిలిస్తే పలకగూడదు మే. ఆపేయ్ దాన్ని," అంది ఎదురింటి కన్యకమ్మ.

"ఆ పిలుపుకే నువ్వూ బిందె తెస్తాండావు గదక్కా."



ఈ ఎండలకు కంప్యూటర్ కాలిపోయింది. శశికుమార్ అందులోవన్నీ బయటికి తీసి, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ పెట్టెలో ఎక్కించి తెచ్చాడు.

"పాతదాంట్లో ఉన్న బ్యాష్ షెల్లు దీంట్లో లేదొదినా. చిన్నది ఇంకోటుండాది. నడవకపోతే అన్న గొంతు ఫోన్లో ఎక్కిస్తా."

"ఫోన్లో నేను నొక్కితే పలుకుతాడు. ఆయనంతట ఆయన పిలవడు గదప్పా."

ఆయన స్క్రిప్టు నడిపితే మధ్యలో ఆగిపోయింది. శశికుమార్ తెర మీద ఒక్కో లైనూ చదువుకుంటూ పోయాడు.

"అన్న రాసిందంతా నడుస్తాండాది. ఆగింది నా లైను దగ్గర. అన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు కలిపినా, పగలు గట్టిగా, రాత్రి మెల్లగా పలకాలని. ఆ రెండు శబ్దాల అంకెల్నీ ఒకే పేరు కింద బ్రాకెట్లో కట్టినా. అట్లా కట్టేది బ్యాష్‌కే తెలుసు."

"ఆయనుంటే?"

"చెవి మెలేసేవాడు."

దాన్ని విడదీసి, దేని పేరు దానికి పెట్టి రాస్తూ కూర్చున్నాడు. నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను.

"జ్యోతీ, నీళ్లొచ్చినాయి. బిందెలు తీస్కరా."

"వస్తాండా."

కొళాయి దగ్గర శశికుమార్ తడివేలితో తీగ పట్టుకుని ఉన్నాడు.

"నేనే వదినా, పలుకుతాదో లేదోనని తడి పెట్టి చూసినా. నీళ్లు రాలేదు."

అప్పటికే బిందె కొళాయి కింద పెట్టేశాను. తీయబుద్ధి కాలేదు. గేటు చప్పుడైతే తిరిగి చూశాను. కన్యకమ్మ తన బిందె తెచ్చి నా బిందె వెనకాల పెట్టింది.