రాణిగారి మీసం

సింగపూర్‌లో మా తెలుగు సంఘం నాటకం దగ్గరపడిందని తెలియడానికి నోటీసు అక్కర్లేదు. బ్యాంకు అంకుల్ మీసం తీసేశారంటే రిహార్సల్స్ మొదలన్నమాట. కృష్ణా జిల్లాలో కుర్రతనం నుంచీ పరిషత్తు పోటీల్లో ఆడవేషాలు వేసిన మనిషాయన. ఇక్కడికొచ్చి బ్యాంకులో పెద్ద ఉద్యోగంలో స్థిరపడ్డాక కూడా, తానే రాసుకున్న పద్యనాటకంలో ఏటా రాణి వేషం ఆయనదే. కొడుకుని యుద్ధానికి పంపే రాణి. అంత భారీ మనిషి చీర కట్టి సింహాసనం మీద కూర్చుంటే, ముందు వరసలో నేను నోరెళ్లబెట్టుకుని చూసేదాన్ని.

అవి కంప్యూటర్ ముక్క నేర్చిన ప్రతివాళ్లకీ వీసా దొరుకుతున్న రోజులు. నేనూ అలాగే వచ్చి బుకిట్ పంజాంగ్‌లో అద్దె ఫ్లాట్‌లో దిగాను. నాలాంటివాళ్లు బోలెడుమంది చేరడంతో సంఘానికి కొత్త కమిటీ వచ్చింది, కమిటీకి కొత్త బుద్ధి పుట్టింది. "ఈ కాలంలో కూడా మగాళ్లు చీర కట్టడమేంటండీ, చూసినవాళ్లు నవ్విపోతారు," అన్నాడు కొత్త ప్రెసిడెంటు. నాకు కాస్త సంగీతం వచ్చని ఎవరో చెప్పారు. అంతే, రాణి వేషం నాకిచ్చేశారు.

అబద్ధమెందుకు, ఆ వేషం మీద నాకు మొదటి ఏడాది నుంచీ కన్నుంది. ఎగిరి గంతెయ్యాల్సిందే. కానీ ఆ మీటింగుకి అంకుల్ అప్పటికే మీసం తీసేసి వచ్చారు. పై పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు కూర్చుని, టీ తాగకుండానే వెళ్లిపోయారు. మర్నాటి నుంచి రిహార్సల్స్ వైపు తొంగి చూడలేదు. వేషమూ లేక, మీసమూ లేక, ఆ బోడి మొహంతోనే రోజూ బ్యాంకుకి వెళ్లి కూర్చునేవారు.

ఇక్కడ నాటకం ఆడాలంటే ముందు పర్మిషన్ కావాలి. దానికి స్క్రిప్టు ఇంగ్లీషులో రాసివ్వాలి. ఆ పనీ నా నెత్తినే పడింది. పద్యాల్ని ఇంగ్లీషులోకి దింపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నాటకానికి లైసెన్సేమిటి, ఈ పీడ ఎవడు కనిపెట్టాడని ఒళ్లు మండి లైబ్రరీకి వెళ్లాను. లండన్ నాటకశాలల చరిత్ర ఒకటి దొరికింది. తిట్టుకుంటూ తెరిచాను గానీ, మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయాను.

మూడొందల ఏళ్ల పైచిలుకు కిందట, ఏళ్ల తరబడి నాటకాలు నిషేధించి, నాటకశాలలు మూయించిన ఆ ఊళ్లో, కొత్తగా గద్దెనెక్కిన రాజు ఇద్దరంటే ఇద్దరికే నాటకాలాడే హక్కు రాసిచ్చాడట. ఒక బృందం రాజుగారి పేరు మీద, రెండోది ఆయన తమ్ముడి పేరు మీద. రాజుగారి బృందంలో నటులంటే సాక్షాత్తూ రాజుగారి కొలువులో లెక్క, కొలువువాళ్లు వేసుకునే ఎర్రబట్ట కూడా అక్కణ్నుంచే. ఆ హక్కులు చేతులు మారుతూ దాదాపు రెండు శతాబ్దాలు ఆ ఊరి నాటకాన్ని ఏలాయట. దేశదిమ్మరులు అనిపించుకున్నవాళ్లకి రాజముద్ర! మా తెనాలిలో నాటకాలవాళ్లకి ఇల్లు అద్దెకివ్వడానికి నసిగేవాళ్లు గుర్తొచ్చి ఆ పేజీ మళ్లీ చదివాను.

అక్కడా అప్పటిదాకా ఆడవేషాలు మగవాళ్లవే. ఒకసారి రాజు వచ్చి కూర్చున్నా నాటకం మొదలవలేదట. ఏమిటని కబురు పెడితే, రాణిగారికి గడ్డం గీయడం ఇంకా అవలేదని చెప్పారట. లైబ్రరీ అని కూడా చూడకుండా పకపకా నవ్వాను. పక్కాయన గుడ్లురిమి చూశాడు.

తర్వాతి పేజీలో నా నవ్వు ఆగింది. ఆడవేషాలు ఇకమీదట ఆడవాళ్లు వెయ్యవచ్చని రాజుగారి పత్రంలో ఉందట. ఆ రోజుల్లో ఆ రంగం మీద మొట్టమొదట నిలబడ్డ ఆడమనిషి ఎవరో ఇవాళ ఎవరికీ ఖాయంగా తెలియదు. అన్ని కళ్ల ముందు ఆ మహాతల్లి ఎలా నిలబడిందో, ఆమె గొంతు వణికిందో లేదో. ఆమె వచ్చాక, అంతదాకా రాణులుగా వెలిగిన మగవాళ్ల వేషాలు పోయాయి. ఆ పుస్తకం అక్కడే వదిలేసి, సరాసరి అంకుల్ ఫ్లాట్‌కి వెళ్లాను.

వాళ్లమ్మాయి తలుపు తీసి, ప్రతి మాటకీ 'లా' తగిలించే ఈ ఊరి యాసలో, "డాడీ మూడ్ అస్సలు బాలేదు లా, ఆంటీ," అంది. లోపలికెళ్లి, "మీరు నేర్పితేనే వేస్తాను అంకుల్, లేకపోతే ఈ వేషం నాకొద్దు," అన్నాను. రాణిగారి గడ్డం సంగతి చెప్పాను. ముందు బిగుసుకుని విన్నారు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు తగ్గాక, "మరి ఆ మగాళ్లు ఏమయ్యారమ్మా?" అని అడిగారు.

"ఒకాయన తర్వాత రాజు వేషాల్లో కూడా గొప్ప పేరు తెచ్చుకున్నాడట."

"తెచ్చుకునే ఉంటాడు. రాణి పోయిన బాధ మటుకు పోయుండదు," అన్నారు. "ఏదీ, పద్యం అందుకో."

అందుకున్నాను. ఎదురుగా కొడుకున్నట్టే నుదుట బొట్టు పెట్టి, కొంగు సవరించుకుని, మెడ పక్కకి తిప్పి పాడాను. ఎన్నిసార్లు చూశానో, అంతా కంఠతా వచ్చు. మెచ్చుకుంటారనుకున్నాను.

"పప్పులో కాలేశావమ్మాయ్," అన్నారు. "ఆ కొంగు సవరించడం, ఆ మెడ తిప్పడం, మగాణ్ణి కాబట్టి నేను చేసేవాణ్ణి. ఆడదాన్నని నమ్మించాలి కదా నేను. నీకా అవస్థ దేనికి? నువ్వు నన్ను వేస్తున్నావు. ఆవిణ్ణి వెయ్యి."

ఆ మాటతో నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన నుంచి ఎత్తుకొచ్చినవన్నీ ఆయనే ఒక్కొక్కటీ ఊడబీకారు. చివరికి ఆ రాణి కదలకుండా నిలబడింది, ఏడుపు లేకుండా పాడింది. అంత నేర్పి కూడా, నాటకానికి మాత్రం రానన్నారు.

నాటకం రోజు కొడుకుని పంపే పద్యం పాడుతున్నప్పుడు హాల్లో చీమ చిటుక్కుమన్నా వినబడేది. అంతమంది ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దానికి నాకే భయమేసింది. తెర పడ్డాక, నగలు తీస్తుంటే గ్రీన్‌రూమ్ గుమ్మంలో అంకుల్ కనిపించారు. వెనక వరసలో నిలబడి చూశారట.

కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా రాణి నచ్చలేదేమో అనుకున్నాను.

"ఇన్నేళ్లూ ఆవిడగా ఉన్నానే గానీ, ఆవిణ్ణి ఎప్పుడూ చూళ్లేదమ్మా," అన్నారు. "ఇవాళ చూశాను."