నెమలికంఠం చీర సింక్ కాలేదు

చేతిలో కొత్త ఉద్యోగం, మెడలో ఐడీ కార్డు, తలనిండా పొగరు ఉన్న ఆ రోజుల్లో, లోకంలో ఏ సమస్యకైనా ఒక యాప్ ఉంటుందనీ, లేకపోతే నేనే రాసి పారేస్తాననీ గట్టిగా నమ్మేదాన్ని. (ఇప్పుడు మా ఇంట్లో వాషింగ్ మెషీన్ ఆగిపోతే ముందు దానికో దణ్ణం పెడతాను, తర్వాతే మెకానిక్‌కి ఫోన్.) మా ఆఫీసు బెజవాడ బెంజ్ సర్కిల్ వెనక సందులో, ఒక ఫొటో స్టూడియో పైన ఉండేది. మొత్తం ఆరుగురం. మేం తయారు చేసింది నోట్సు రాసుకునే యాప్. దాన్ని వాడేవాళ్లలో సగంమంది మా ఆరుగురి చుట్టాలే, మిగతా సగం ఆ చుట్టాల మొహమాటానికి దొరికిపోయినవాళ్లు. మా బాసుకి మేం పెట్టుకున్న పేరు రీస్టార్ట్ గారు. ఏ కష్టం చెప్పుకున్నా "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండమ్మా" అనేవారు. కాఫీ చల్లారిపోయిందన్నా అదే అంటారేమోనని మా అనుమానం.

నా మొహమాటానికి దొరికినవాళ్లలో మొదటిది పామర్రులో ఉండే మా మేనత్త. అత్తయ్య వాళ్లది చీరలు నేయించి అమ్మే ఇల్లు. ఆవిడ దగ్గర అట్ట వేసిన పొడుగు నోటు పుస్తకం ఒకటి ఉండేది. అందులో ఉన్నవన్నీ పెట్టుబడి చీరలు, అంటే శుభకార్యాల్లో చుట్టాలకి బొట్టు పెట్టి చేతిలో పెట్టే చీరలన్నమాట. వాటిని ఎవరూ కట్టుకోరు. బీరువాలో దాచి, ఇంకో శుభకార్యంలో ఇంకొకరికి పెడతారు. ఏ చీర ఎవరిచ్చారో, ఎవరికిచ్చామో రాసుకోకపోతే ఏదో ఒక రోజు ఇచ్చినవాళ్ల చీర వాళ్లకే పెట్టేస్తాం. అత్తయ్య ఒకసారి అలాగే చేసింది. గుడివాడలో ఉండే ఆవిడ తోడికోడలు ఆ చీర అక్కడే మడత విప్పి, "మా ఇంటికి దారి మర్చిపోలేదు పాపం" అందట. మూడేళ్లు మాటల్లేవు. ఆ తర్వాత మొదలైంది ఈ పుస్తకం. తన చేతి మీదుగా వెళ్లిన చీర ఆ తర్వాత ఏ గుమ్మం తొక్కిందో కూడా అత్తయ్య ఆరా తీసి రాసుకునేది. (పోలీసులకి ఆవిడ సాయం అందకపోవడం వాళ్ల దురదృష్టం.)

"ఇంత చాకిరీ ఎందుకత్తయ్యా, నా యాప్ ఉండగా!" అని నాలుగు ఆదివారాలు బస్సెక్కి వెళ్లి, పుస్తకం మొత్తం ఫోన్లోకి ఎక్కించాను. చీర ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఒక నోటు. దాని అడుగున తర్వాతి ఇంటి నోటుకి లింకు. ఒకదాన్ని నొక్కితే రెండోది, రెండోది నొక్కితే మూడోది. ఆ లింకుల ఏర్పాటంతా నేను రాసిందే. అత్తయ్య చూసి "అబ్బో, చీరలకి జాతకం రాశావే!" అంది. ఆ మాటకి ఉబ్బిపోయి నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, పాత పుస్తకాన్ని పాత పేపర్ల అతనికి వేసెయ్యడం.

సంవత్సరం తిరిగింది. అత్తయ్య కొడుకు, మా బావకి పెళ్లి కుదిరింది. (నాకు వరసైన బావే. మేం ఒకరినొకరం తప్పించుకున్నాం.) పెళ్లి ఆనందంలో వాడు వాళ్లమ్మకి కొత్త ఫోన్ కొని, పాతది కొట్లో ఇచ్చేశాడు. పెళ్లి ఐదు రోజులుందనగా అత్తయ్య ఫోన్ చేసింది.

"ఏవే, నీ యాపు తెరిస్తే చక్రం తిరుగుతోంది, ఫోను పెనంలా కాలుతోంది, టక్కున మూసుకుపోతోంది. బీరువా నిండా చీరలున్నాయి, ఏది ఎవరిదో ఒక్కటీ గుర్తులేదు. పెళ్లికి గుడివాడ వాళ్లొస్తున్నారు. మాటలు కలిసి రెండేళ్లన్నా కాలేదే తల్లీ!"

"అరగంట పనత్తయ్యా" అన్నాను. ఆ అరగంట రెండు రోజులు పట్టింది. రీస్టార్ట్ గారు తన మంత్రం తాను చెప్పారు. యాప్ తీసేసి మళ్లీ వేయించాను, ఫోన్ ఆపి ఆన్ చేయించాను, చివరికి అందరిలాగే నేనూ ఆ మాట అన్నాను. "నువ్వేదో నొక్కి ఉంటావత్తయ్యా, యాప్‌లో నీ నోట్‌బుక్ పాడైపోయింది." "నేనేం నొక్కానే? చీరలు రాసుకున్నానంతే" అంది. ఆ గొంతులో ఏడుపు వినబడింది. అయినా ఆఫీసు రిపోర్టులో 'వాడినవారి పొరపాటు వల్ల నోట్‌బుక్ పాడైనది' అని నీటుగా రాసి పంపాను. అలాంటి దాన్ని నేను.

మూడో రోజు ఉదయం లాప్‌టాప్ సంచీలో వేసుకుని పామర్రు బస్సెక్కాను. అత్తయ్య గదిలో మంచం మీదంతా చీరలు పరిచి, వాటి మధ్య దిగాలుగా కూర్చుని ఉంది. నేను కింద చాప మీద కూర్చుని, మా సర్వర్లో ఉన్న ఆవిడ నోట్లు ఒక్కొక్కటీ తెరిచి, యాప్ ఎక్కడ పడిపోతోందో చేత్తో వెతకడం మొదలెట్టాను. నెమలికంఠం రంగు, మామిడిపిందెల అంచు చీర దగ్గరికొచ్చేసరికి యాప్ ముందుకు కదల్లేదు. ఆ చీర అత్తయ్య గుడివాడ తోడికోడలికి గృహప్రవేశంలో పెట్టింది. ఆవిడ బందరులో ఉన్న ఆడపడుచుకి పెట్టింది. బందరావిడ వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్లో మా అమ్మకి పెట్టింది. (ఇక్కడ నాకు చెమట పట్టింది.) మా అమ్మ, నన్ను కన్న మా అమ్మ, ఆరు నెలల క్రితం తీసుకెళ్లి అత్తయ్యకి పెట్టింది. ఆ చివరి నోటు అడుగున అత్తయ్య శ్రద్ధగా మళ్లీ మొదటి నోటుకే లింకు ఇచ్చింది.

ఇంకేముంది! యాప్ పామర్రులో బయల్దేరి గుడివాడ, బందరు, బెజవాడ తిరిగి పామర్రు వస్తుంది. అక్కడ లింకుంది కాబట్టి మళ్లీ గుడివాడ బయల్దేరుతుంది. అలా తిరిగి తిరిగి సొమ్మసిల్లి పడిపోతోంది. పాత ఫోన్లో నోట్లన్నీ ముందే ఉన్నాయి కాబట్టి ఈ లోపం బయటపడలేదు, కొత్త ఫోన్ మొదటినుంచీ తెచ్చుకోబోయి ఈ వలయంలో ఇరుక్కుంది. నోట్‌బుక్‌కి ఏ జబ్బూ లేదు. ఒకసారి ఇంటి గడప దాటిన వస్తువు మళ్లీ అదే గడపకి రాదని నమ్మి ఆ లింకులు రాసింది నేను. కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగి, పెట్టుబడి చీర గురించి ఆ మాత్రం తెలియని దద్దమ్మని.

"అత్తయ్యా, ఈ నెమలికంఠం..." అని నీళ్లు నమిలాను.

"తెలుసే" అంది చాలా మామూలుగా. "మా మగ్గం మీద నేసిన చీర, నా చేత్తో మడత పెట్టిన చీర, నేను గుర్తుపట్టనా? మీ అమ్మ పెట్టె తెరవగానే పట్టేశాను."

"మరి అమ్మని అడగలేదేం?"

"ఏమని అడగను? పాపం, వదిన మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? ఒకసారి ఇలాంటిదానికే మూడేళ్లు పోగొట్టుకున్నాను, చాలదా? పైకి అనలేను సరే, పుస్తకంలోనన్నా ఉన్నది ఉన్నట్టు రాయాలి కదే. అందుకే రాశాను. తప్పా?"

"కాదత్తయ్యా, తప్పు నాది" అన్నాను. పైకే అన్నాను. ఆ రోజుల్లో అది నాకు కొత్త. ఒకసారి చూసిన నోటు దగ్గరికే మళ్లీ వస్తే అక్కడ ఆగిపో అని రెండు లైన్లు రాసి, రీస్టార్ట్ గారికి ఫోన్ చేసి సర్వర్లోకి ఎక్కించమన్నాను. పావుగంటలో అత్తయ్య ఫోన్లో చీరలన్నీ వరసగా దిగాయి. ఆవిడ కళ్లు తుడుచుకుని, మంచం మీద నుంచి నెమలికంఠం తీసి నా ఒళ్లో వేసింది.

"దీన్ని మాత్రం ఇంకెవరికి పెట్టను చెప్పు? నువ్వు కట్టుకో. రేపే జాకెట్టు కుట్టించుకో."

పెళ్లిలో కట్టుకున్నాను. నాలుగిళ్లు తిరిగిన ఆ చీర మడత విప్పడం అదే మొదలు. గుడివాడావిడ చూసి, "రంగు భలే ఉందమ్మాయ్, ఎక్కడ కొన్నావ్?" అని సగంలో ఆగి, దగ్గొచ్చినట్టు అటు తిరిగింది. బందరావిడ చెంగు రెండు వేళ్లతో పట్టి చూసి, వేడి గిన్నె ముట్టుకున్నట్టు వదిలేసింది. మా అమ్మ నన్ను పందిరి గుంజ వెనక్కి లాగి, "ఇది నీకెవరిచ్చారే?" అంది గుసగుసగా. "నువ్వు ఎవరికిచ్చావో చెప్పు, నాకెవరిచ్చారో చెప్తాను" అన్నాను. అమ్మకి ఆ క్షణాన పందిట్లో బంతిపూల దండల మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చింది. ముగ్గురికీ తెలుసు, ఒక్కరూ నోరెత్తలేరు. ఎత్తితే తను చేసింది ఒప్పుకున్నట్టే. అత్తయ్య మాత్రం తాంబూలాలు పంచుతూ, చంటిపిల్లలా అమాయకంగా తిరుగుతోంది.

భోజనాల దగ్గర గుత్తివంకాయ నూనె చెంగు మీద పడింది. నేను కెవ్వుమన్నాను. అత్తయ్య వచ్చి మరక చూసి, "పోన్లేవే, ఇంక దీన్ని ఎవరికీ పెట్టలేవు. ఇప్పటికి నీదైంది" అంది.

ఆ ఆఫీసు మూతబడి చాలా కాలమైంది, యాప్ కూడా పోయింది. ఇప్పుడు నా బీరువాలో నలభై పెట్టుబడి చీరలున్నాయి, వాటికి అట్ట వేసిన పొడుగు పుస్తకం ఉంది. "కంప్యూటర్ చదువు చదివి కాగితం మీద రాస్తావేంటమ్మా?" అని మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వనీండి. నెమలికంఠం ఆ పుస్తకంలో లేదు. పోయిన వారం ఒక పేరంటానికి కట్టుకున్నాను. మరక ఇంకా అలాగే ఉంది. దాన్ని మడత లోపలికి తిప్పుకుంటూ ఉంటే, తప్పంతా మేనత్తదేనని నీటుగా రిపోర్టు రాసిన ఆ ఐడీ కార్డు పిల్ల గుర్తొచ్చి, అద్దంలో చూసుకుని నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత ఎందుకో మరకని మళ్లీ పైకి తిప్పి, అలాగే పేరంటానికి వెళ్లాను.