రంగూను వెనక సందులు

దేవదానం గురించి చెప్పాలంటే ముందు మా ఆఫీసు గురించి చెప్పాలి. జపానుతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, బందరు కోనేరు సెంటరుకి దగ్గర్లో ఒక అద్దె ఇంట్లో దాన్ని పెట్టారు. బర్మా నుంచి పారిపోయి వచ్చినవాళ్లు మళ్లీ అక్కడికి వెళ్లాలంటే, యుద్ధానికి ముందు అక్కడి కాపురస్తులమేనని మా దగ్గర రుజువు చేసుకోవాలి. అడవుల్లో నడిచి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ల దగ్గర కాయితాలేం ఉంటాయి? అందుకని నోటిమాట మీద పరీక్ష పెట్టేవారు. అడిగేది ఆఫీసరు సీతారామయ్య గారు. జవాబులు ఇంగ్లీషులో రాసేది గుమాస్తానైన నేను.

సీతారామయ్య గారు రంగూనులో పదేళ్లు ఉద్యోగం చేసి, బాంబులు పడకముందే ఓడెక్కి వచ్చేసిన మనిషి. ఆ ఊరేదో తాతలనాటి ఆస్తి అయినట్టు మాట్లాడేవారు. పల్లెల నుంచి ఎవరైనా లోపలికొస్తే జేబురుమాలు మీద రెండు చుక్కలు అత్తరు వేసుకుని ముక్కు దగ్గర పెట్టుకునేవారు. ఆ అత్తరు వాసన నాకు ఎండుచేపల వాసన కంటే అసహ్యంగా ఉండేది. అయినా ఆ సీసా తెచ్చిపెట్టేది నేనే.

దేవదానానిది నాగాయలంక అవతల పల్లె. ముప్పై అయిదేళ్లుంటాయి. పులిగడ్డ దగ్గర ఏరు దాటి, మిగతా దారంతా నడిచి వచ్చాడు. సాక్షిగా అక్కగారి మొగుడు సీమోను వచ్చాడు. సీమోను వాళ్ల ప్రార్థనా సంఘానికి పెద్ద, ఇస్త్రీ చొక్కా మనిషి.

"మా బావమరిది పద్దెనిమిదో ఏట రంగూను వెళ్లాడండి. అక్కడి రేవులో క్రేను తోలేవాడండి," అన్నాడు సీమోను, ఆ క్రేను తనదే అన్నంత గొప్పగా.

"మళ్లీ ఎందుకు వెళ్లటం?" అని అడిగారు ఆఫీసరు గారు.

"నా భార్య చిట్టెమ్మ అక్కడే ఉండిపోయిందండి," అన్నాడు దేవదానం. "పురిటికి పెగూ అనే ఊళ్లో వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. ఇంతలో బాంబులు పడి దారులు మూసేశారు. నేను జనంతో పాటు నడిచొచ్చేశానండి. పోయిందనే అనుకున్నాను. మొన్న ఉత్తరం వచ్చింది. ఆడపిల్ల పుట్టిందట. నాలుగేళ్లు నిండాయట."

సీతారామయ్య గారు ఆ మాటలు వదిలేసి పరీక్ష మొదలుపెట్టారు. సూలే పగోడాకి ఎదురుగా ఏముంది? మొగల్ వీధి నుంచి స్కాట్ మార్కెట్టుకి ఎటు వెళ్లాలి? పెద్ద పోస్టాఫీసు ఏ రంగు? దేవదానం ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాడు.

"పదేళ్లు పైగా ఉన్నావు, పోస్టాఫీసు చూళ్లేదా? రంగూను మొహం ఎరగనివాళ్లంతా తయారవుతున్నారు. దరఖాస్తు కొట్టెయ్యండి," అన్నారు నాతో.

నేను కలం ముంచాను. దేవదానం బల్ల దగ్గరికి ఒక అడుగు వేశాడు.

"అయ్యా, మా బావని కాసేపు బయట కూచోమనండి. నిజం చెప్తాను."

"సాక్షి ఎదురుగానే చెప్పాలి."

దేవదానం సీమోను వైపు చూశాడు, తర్వాత నేల చూశాడు.

"క్రేను కాదండి. పాకీ పని. అక్కడ మేడల వరసకీ వరసకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. మరుగుదొడ్లన్నీ ఆ సందులోకే. తెల్లారకముందే వెళ్లి డబ్బాలు ఎత్తి, జనం లేచేలోగా వచ్చేసేవాళ్లం. వీధివైపు మమ్మల్ని రానిచ్చేవారు కాదండి. వెనకవైపైతే అడగండి, ఏ ఇల్లయినా చెప్తాను."

సీమోను కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి జరుపుకున్నాడు. ఆ చప్పుడు విని నాకు ఒళ్లు మండింది. అంతకు క్షణం ముందే నేనూ నా కుర్చీ జరుపుకున్నానని ఆ తర్వాత తెలిసింది.

ఆఫీసరు గారు అత్తరు రుమాలు నొక్కిపెట్టుకుని, "అయితే చెప్పు. ముప్పై ఎనిమిదో వీధి, ఆకుపచ్చ కిటికీల మేడ," అన్నారు. అది ఆయన కాపురమున్న మేడే. ఆ చిరునామా రోజూ వినీ వినీ నాకే కంఠతా వచ్చింది.

"కిటికీలు నాకు తెలీవండి. తమరు అడిగేది తెలుగువాళ్ల మేడైతే, సందులో కుడిచేతివైపు పదకొండోది అయ్యుంటుంది. కింద తలుపు బందు విరిగితే తీగతో కట్టారు. రెండో అంతస్తులో తెలుగువాళ్లుండేవారు."

"ఎలా తెలుసు?"

"పెద్దావిడ ఒకరు పై నుంచి తెలుగులో కేకేసేవారండి, నాయనా, నీళ్లు పోస్తున్నా, పక్కకి తప్పుకో అని. ఆ సందులో అలా చెప్పి పోసింది ఆవిడొక్కరే. యుద్ధానికి ముందు వానాకాలంలో పది రోజులు ఆ డబ్బాలో నల్లగా రక్తం పడింది. వంటమనిషితో చెప్పాను, డాక్టరుకి చూపించమనండయ్యా అని. పట్టించుకున్నారో లేదో తెలీదు. పదకొండో రోజు నుంచి కేక వినపడలేదండి."

సీతారామయ్య గారు లేచి దొడ్లోకి వెళ్లారు. వాంతి చేసుకోవడం మాకు వినపడింది. ఆయన తల్లి రంగూనులోనే పోయారని నాకు తెలుసు. తిరిగొచ్చాక దేవదానం వైపు చూడలేదు. ఆ మాట గుచ్చుకుందని అనుకున్నాను. గుచ్చుకునే ఉంటుంది. కానీ ఆయన చేసిన పని ఇది.

"పర్మిట్ రాయండి. వృత్తి పాకీ పని. ఆ పనికి మాత్రమే అనుమతి అని రాయండి."

దేవదానం కంగారుగా, "అయ్యా, ఈసారి రేవులో కూలి చేసుకుంటానండి. ఆ పని మళ్లీ ముట్టనని చిట్టెమ్మకి మాటిచ్చాను," అన్నాడు.

"సరే సరే, బయట కూచో."

'ఆ పనికి మాత్రమే' అని రాయాలని ఏ రూలులోనూ లేదు. ఆ రూళ్లు నాకు ఆయన కంటే బాగా తెలుసు. ఒక్క మాట అని ఉంటే ఆయన ఊరుకునేవారేమో. నేను అనలేదు. గుండ్రటి అక్షరాలతో పొందిగ్గా రాసి, ఆయన సంతకం పెట్టాక సిరా ఆరేలా అద్దుడు కాయితం కూడా ఒత్తాను.

బయట వరండాలో సీమోను లేడు. చెప్పకుండా వెళ్లిపోయాడు. దేవదానం ఒక్కడే గోడవారగా నిలబడి ఉన్నాడు. నేను కాయితం అతని చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి రెండడుగులు వెనక్కి తగ్గాను. అతను రెండు చేతులతో తీసి కళ్లకద్దుకున్నాడు.

"బాబూ, నాకు ఇంగ్లీషు రాదు. రేవు పని అని రాశారా?"

"వెళ్లమని రాశారు. ఫరవాలేదు, వెళ్లు," అన్నాను.

ఆ వేసవికి ఆఫీసు పేర నాకు రంగూను నుంచి కార్డొచ్చింది. ఎవరో రాసిపెట్టారు. "గుమాస్తా బాబుగారికి దేవదానం నమస్కారాలు. ఓడ దిగగానే కాయితం చూసి మళ్లీ ఆ సందులకే పంపారు. రేవులో రానివ్వలేదు. కాయితంలో ఏముందో ఇక్కడ చదివి చెప్పారు. పిల్ల నన్ను చూసి ముక్కు మూసుకుంటోంది. చిట్టెమ్మ అన్నం పెట్టి లోపలికెళ్లిపోతోంది. మీరు వెళ్లమన్నారు గనక వచ్చాను."

ఆ కార్డు చదువుతున్నంతసేపూ రెండు వేళ్ల మధ్య కొసన పట్టుకునే ఉన్నాను. చదవడం అయ్యాక లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను.