అల్లుడి వేలి ఉంగరం

రైలుపెట్టెల బ్యాటరీలు చూసే పనిలో రిటైరయ్యాక, బిలాస్‌పూర్ బయట చిన్న విమానాలు దిగే మైదానంలో కాంట్రాక్టు మీద చేరాను. చలికాలం పొద్దున్నే ఇంజిన్‌ని తిప్పడానికి విమానం సొంత బ్యాటరీ బలం ఒక్కోసారి చాలదు. అప్పుడు చక్రాల బండి మీద పెద్ద బ్యాటరీ తోసుకెళ్లి, దాని తీగను విమానం పక్కనున్న సాకెట్లో పెట్టాలి. అదే నా పని. కొన్నాళ్లకు అక్కడే మా అల్లుడికీ ఉద్యోగం ఇప్పించాను.

మా ఇళ్లల్లో అల్లుణ్ని పేరు పెట్టి పిలవం, గట్టిగా మందలించం. డ్యూటీలో కూడా ఆయన్ని “బాబూ, మీరు” అనేవాణ్ని. ఊళ్లో సర్కండా పేటలోని మా ఇంటి నుంచి ఒకే స్కూటర్ మీద వెళ్లేవాళ్లం. ఆయన నడిపేవాడు, నేను వెనక టిఫిన్ డబ్బాలు పట్టుకుని కూర్చునేవాణ్ని.

బ్యాటరీ రెండు కొసలకూ ఒకేసారి లోహం తగిలితే మంట లేస్తుంది, అందుకే దాని దగ్గర చేతికి లోహం ఉండకూడదు. రైల్వేలో ఎందరి చేతనో కడియాలు, గడియారాలు తీయించాను. అల్లుడి వేలికి మాత్రం పెళ్లిలో మేం పెట్టిన ఉంగరం ఉండేది. పెట్టిన చేత్తోనే తీయమంటే ఏమనుకుంటాడోనని, ఇంటి దగ్గర నెమ్మదిగా చెబుదామనుకున్నాను. ఇంటికెళితే అమ్మాయి చేపల పులుసు వడ్డించేది. ఆ మాట నోట్లోనే ఉండిపోయేది.

ఒకరోజు బ్యాటరీ కొసన తీగ వదులైంది. బిగించడానికి ఆయన పానా పట్టుకుని వంగాడు. నేను పక్కనే ఉన్నాను. పానాకు ఆనుకుని ఉన్న ఉంగరం రెండో కొసకు తగిలింది. ఫట్‌మని మెరుపు, ఆయన కేక. ఆస్పత్రిలో ఉంగరాన్ని కోసి తీశారు. వేలు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

మంచం పక్కన అమ్మాయి నన్ను నిలదీసింది.

“నాన్నా, ఉంగరం తియ్యాలని నీకు తెలీదేటి?”

“తెలుసమ్మా.”

“మరి సెప్పలేదేటి?”

“అల్లుడు కదా...”

“నీ మర్యాద కోసం మా ఆయన వేలు పోవాలేటి?”

అల్లుడు కట్టు కట్టిన చెయ్యి కాస్త పైకెత్తాడు. “పోనీలే. అచ్ఛా మావయ్యా, మీరు ఏటీ అనకపోతే నేను పని బాగా సేస్తన్నాననుకున్నాను.”

ఆ మాటకు నేను గోడవైపు తిరిగిపోయాను. మంచి మామగారనిపించుకోవాలన్న ఆశకు మర్యాద అని పేరు పెట్టుకున్నాను. ఆయన నా మౌనాన్ని మెప్పు అనుకున్నాడు.

వేలు నిలిచింది. సరిగ్గా ముడుచుకోదు. అమ్మాయి ఆయనకు అన్నం కలిపి పెడుతున్నప్పుడల్లా నా కళ్లు అటే పోయేవి.

ఆయన డ్యూటీకి తిరిగి వచ్చిన రోజు ఇంజిన్ అందుకుంది, విమానం ముందున్న పంకా గిర్రున తిరుగుతోంది. బండి స్విచ్ ఆపకుండానే ఆయన తీగ లాగబోయాడు.

“ఆగు! పైలట్ ఇంకా చెయ్యి ఊపలేదు. ముందు స్విచ్ ఆపు!”

నా అరుపుకు నేనే ఉలిక్కిపడ్డాను. ఆయన ఆగాడు. పైలట్ చెయ్యి ఊపాక స్విచ్ ఆపి, తీగ తీసి, విమానం వెనకవైపు నుంచి చుట్టి వచ్చాడు.

“ఏటి మావయ్యా, అంత గొంతుందా మీకు!”

“ఉందిరా,” అన్నాను.

ఆయన నవ్వుతూ బండికి రెండో పక్క చెయ్యి వేశాడు. ఇద్దరం కలిసి తోశాం.