నడుస్తున్న ఇంజను

ఆ రోజుల్లో తిరువూరు చుట్టుపక్కల ట్రాక్టరున్న ప్రతివాడికీ బ్యాటరీ లేకుండా దాన్ని స్టార్టు చేయడం తెలిసి ఉండాలి. బ్యాటరీని ఛార్జింగుకి పంపాలంటే బస్సు టాపు మీద వేసి తిరువూరు పంపాలి. అది తిరిగొచ్చేదాకా పని ఆగాల్సిందే. అందుకని సాయంత్రం బండిని ఏదో ఒక మిట్ట మీద ఆపుకునేవాళ్ళం. పొద్దున గేరులో వేసి, క్లచ్చి తొక్కిపట్టి పల్లానికి దొర్లనిచ్చి, కాస్త వేగం రాగానే క్లచ్చి వదిలితే ఇంజను అందుకునేది. మిట్ట లేకపోతే మనుషులు తోయాలి. అదీ కుదరకపోతే ముందు మోకు కట్టి ఎద్దులతో లాగించాలి.

ఎద్దులకు కాలం చెల్లిందని మా ఊళ్ళో అందరికంటే గట్టిగా అన్నవాణ్ణి నేను. డెబ్బైల నడుమ ఒక పాత ట్రాక్టరు కొన్నాను. అన్నయ్య తన జతతోనే సేద్యం చేసుకునేవాడు. ఆస్తులు పంచుకున్నా మా పొలాలు ఒకే గట్టుకు అటూ ఇటూ ఉండేవి.

"నీ ఎద్దులు గడ్డి తిని పడుకోడానికి తప్ప ఎందుకన్నయ్యా?" అనేవాణ్ణి.

"నీది డీజిలు తాగి పడుకుంటుందిగా" అనేవాడు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. నారు ముదిరిపోతోంది. చెరువు నీటిలో నా వంతు ఆ ఒక్క పూటే. ఆ పూటే మడిని నీళ్ళలో దున్ని, నాటుకి బురదయ్యేలా దమ్ము చేయాలి. ముందురోజు సాయంత్రం మిట్ట దాకా వెళ్ళడానికి బద్ధకించి బండిని చేలోనే చదునులో ఆపాను. బ్యాటరీ పని అయిపోయిందని, అప్పుడప్పుడూ నా బండి తోలే డ్రైవరు వారం నుంచీ చెబుతున్నా వినలేదు. పొద్దున మీట తిప్పితే టిక్కుమని ఊరుకుంది. కూలీలు తోశారు. తడి నేల మీద చక్రాలు కదిలాయి గానీ వేగం రాలేదు.

నేను పిలవలేదు. అన్నయ్యే ఎద్దుల్ని తోలుకొచ్చాడు.

"ఏరా, గడ్డి తినేవాళ్ళతో పనిపడిందా?"

"నవ్వుకోడం తర్వాత. ముందు లాగించు."

నేను తెచ్చిన మోకు చూసి ఆగాడు. "ఇది పొట్టిదిరా. పొడుగుది తెప్పించు. ఇంజను అందుకుందంటే ముందుకి దూకుద్ది."

పొడుగు మోకు ఇంటి దగ్గరుంది. "ఎందుకూ, నేను క్లచ్చి తొక్కుతాగా" అన్నాను.

ఎద్దులు మెడలు వంచి లాగాయి. వెనక కూలీలు తోశారు. క్లచ్చి వదిలాను. ఇంజను రెండుసార్లు దగ్గి, ఒక్కసారిగా అందుకుంది. ఆ సంతోషంలో నేను వెనక్కి తిరిగి కూలీల వైపు చెయ్యి ఊపాను. కాలు క్లచ్చి మీద లేదు.

అన్నయ్య అరుపు విన్నాను. బ్రేకూ క్లచ్చీ రెండూ తొక్కేసరికి కుడివైపు కట్టిన వలపటి ఎద్దు ముందు చక్రం కింద ఉంది. వెనక కాలు తొడ దగ్గర విరిగి ఎముక బయటికొచ్చింది. ఎద్దు అరవలేదు. లేవబోయి పడింది, మళ్ళీ లేవబోయి పడింది. నేను బండిని వెనక్కి తీశాను. 

అన్నయ్య నన్ను తిట్టలేదు. కండువాతో గాయం కట్టి తలెత్తి అన్నాడు: "ట్రక్కు తగిలించరా. తిరువూరు పశువులాసుపత్రికి తీసుకుపోదాం."

ఇంజను నడుస్తోంది. ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కు గట్టు పక్కనే ఉంది. కూలీలున్నారు, ఎత్తి పడుకోబెడతారు. నేను మడి వైపు చూశాను. నీళ్ళు నిండుగా ఉన్నాయి.

"ఇప్పుడెళితే వంతు పోద్ది అన్నయ్యా. మళ్ళీ స్టార్టవుద్దో లేదో. ఈ ఒక్క మడీ కానిచ్చి వస్తా."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. కూలీలలో ఒకామె "అయ్యో బాబూ" అంది. అన్నయ్య నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు చూశాడు.  ఎవరి ఎడ్లబండి దొరుకుతుందో చూసిరమ్మని ఒకణ్ణి ఊళ్ళోకి పంపాడు.

నేను మడిలోకి దిగాను. ఒక్కటే అన్నవాణ్ణి, నీళ్ళున్నాయి కదా అని రెండోదీ దున్నాను. ప్రతి మలుపులోనూ గట్టు మీద కూర్చున్న అన్నయ్య, అతని ఒళ్ళో ఎద్దు తల కనిపించేవి. ఒక మలుపులో చూసేసరికి అక్కడ ఎవరూ లేరు.

ఎప్పటికో ఆ మడి కూడా ముగించాక బయల్దేరాను. తిరువూరు రోడ్డు మీద సగం దూరంలో ఆ ఎడ్లబండి ఎదురొచ్చింది. ముందు తోలేవాడి పక్కన అన్నయ్య కూర్చున్నాడు, వెనక రక్తం అంటిన గడ్డి మాత్రమే ఉంది. ఎద్దు ఆసుపత్రి గేటు దాటకముందే పోయిందని, అక్కడే దించేశామని బండి తోలేవాడు చెప్పాడు. పొద్దున్నే తీసుకెళితే బతికేదా అన్నది నాకు తెలియదు. ఆ డాక్టరు చాలా ఏళ్ళు తిరువూరులోనే ఉన్నాడు. వెళ్ళి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

బండి మీంచి అన్నయ్య మెల్లగా ఏదో అన్నాడు. ఇంజను మోతలో వినపడలేదు. ఇంజను ఆపేశాను.

"నీ దమ్ము అయిందా?" అన్నాడు మళ్ళీ.

ఆ గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. ఉంటే నాకు కొంత తేలికయ్యేది. నిజంగానే అడుగుతున్నాడు.

"అయిందన్నయ్యా" అన్నాను.

తలూపి, ఎడ్లబండివాణ్ణి తోలమన్నాడు.